‘మీ పుట్టింటి జబ్బు’ అంటున్నారు డాక్టర్ గారూ

యాంకర్: హలో, చెప్పండమ్మా. టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించానండీ. సోంపేట దగ్గర నుంచి మాట్లాడుతున్నాను. మా బాబుకి 14 ఏళ్లు. ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు అన్నారు. జన్యు పరీక్ష కూడా చేశారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉందట గానీ మూత్రంలో ప్రోటీన్ పోతోందట. చెవికి మెషిన్ పెట్టారు.

డాక్టర్: మొదట ఎలా బయటపడిందమ్మా?

కాలర్: జలుబు చేసినప్పుడల్లా మూత్రం టీ డికాషన్‌లా వచ్చేది. వేడి చేసిందనుకుని మూడేళ్లు బార్లీ నీళ్లు తాగించానండీ. మా తమ్ముడు కూడా 27 ఏళ్లకే డయాలసిస్ మీద పోయాడు. ఉద్దానం కదా, నీళ్ల వల్లే అనుకున్నాం.

డాక్టర్: తమ్ముడికి చెవులు బాగా వినపడేవా?

కాలర్: ...లేదండీ. ఫోన్‌లో అరిచి మాట్లాడేవాళ్లం.

డాక్టర్: అదీ సంగతి. ఉద్దానం కిడ్నీ జబ్బులో చెవుడు రాదు, మూత్రం ఎర్రబడటం కూడా మామూలుగా ఉండదు. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే పొరకి ఒక రకం కొల్లాజెన్ కావాలి. చెవిలో, కంట్లో కూడా అదే ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం వస్తే మూడూ దెబ్బతింటాయి. బాబుకి రామిప్రిల్ మొదలుపెట్టారా?

కాలర్: పెట్టారు. బీపీ లేని పిల్లాడికి బీపీ మాత్ర ఎందుకని మా అత్తగారు ఆపించేశారు.

డాక్టర్: అయ్యో, మళ్లీ మీ డాక్టర్‌కి చూపించి మొదలుపెట్టండి. అది బీపీ కోసం కాదు, ప్రోటీన్ పోవడం తగ్గించడానికి. జబ్బును నయం చేయదు గానీ డయాలసిస్‌ను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టగలదు. ఒంటినొప్పులకి మెడికల్ షాపు మాత్రలు మాత్రం వద్దు.

కాలర్: ‘మీ పుట్టింటి జబ్బు’ అంటున్నారండీ ఇంట్లో. నేనే ఇచ్చాను కదా వాడికి. అవసరమైతే నా కిడ్నీ ఇచ్చేస్తాను.

డాక్టర్: మీరు ఎంచి ఇచ్చింది కాదమ్మా. మీ ఇంట్లో ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మీకున్న రెండు ఎక్స్‌లలో బిడ్డకి ఏది వెళ్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ఇంతకీ, మీకు ఎవరైనా మూత్ర పరీక్ష చేశారా?

కాలర్: నాకా? నాకేం లేదండీ. కాళ్లు కొద్దిగా వాస్తాయంతే.

డాక్టర్: చూశారా! తల్లులని ‘జబ్బును మోసేవాళ్లు’ అనే ఒక్క మాటతో వదిలేస్తారు. మాకు కూడా చాలాకాలం అదే అలవాటు. ఈ రకం ఆల్‌పోర్ట్‌లో మగవాళ్లకి దాదాపు 90 శాతం మందికి 40 ఏళ్లలోపు కిడ్నీలు పూర్తిగా పాడవుతాయి, ఆడవాళ్లలో సుమారు 12 శాతం. తక్కువే, కానీ సున్నా కాదు. మీరూ పేషెంటే. అందుకే కిడ్నీ దాతగా మిమ్మల్ని చివరిగా చూస్తారు.

కాలర్: మరి మా అమ్మాయండీ... 19 ఏళ్లు. సంబంధాలు వస్తున్నాయి. పరీక్ష చేయిస్తే తెలిసిపోతుందని...

డాక్టర్: తనకి వచ్చే అవకాశం సగానికి సగం. అంటే రాకపోయే అవకాశం కూడా సగం. గర్భం వచ్చాక రామిప్రిల్ వాడకూడదు, కాబట్టి ముందే తెలియడం తనకే మంచిది. అయితే చేయించుకోవాలా వద్దా అన్నది ఆ పిల్లని అడగండి, పెద్దవాళ్లు దాచవద్దు. తమ్ముడి పిల్లలున్నారా?

కాలర్: ఒక కూతురు.

డాక్టర్: ఆ పాపకి కచ్చితంగా చూపించాలమ్మా. తండ్రి ఎక్స్ కూతురికి రాక తప్పదు.

కాలర్: వాళ్లమ్మతో మాటల్లేవండీ మాకు. తమ్ముడు పోయాక...

డాక్టర్: ఫోన్ నంబరు ఉందా?

కాలర్: ఉందండీ.