ఇంకా మోగుతోందండీ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని కాగితం ఇచ్చారు. పెద్దలు మన్నించాలి, నాకిచ్చిన పది నిమిషాల్లో రెండు మైకు సర్దడానికే పోయాయి.

ఇప్పుడు వినబోయేది జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ చేసిన 'టెలిమ్యూజిక్'. 1966లో టోక్యోలో, ఎన్‌హెచ్‌కే రేడియో వాళ్ల ఎలక్ట్రానిక్ స్టూడియోలో పుట్టింది. జర్మనీ నుంచి దిగిన కొత్తలో ఆయనకి రోజుల తరబడి నిద్ర పట్టలేదట. మొత్తం పదిహేడున్నర నిమిషాలు, 32 ముక్కలు. ప్రతి ముక్కా జపాన్ గుడి వాయిద్యం దెబ్బతో మొదలవుతుంది. మధ్యలో గగాకు ఆస్థాన సంగీతం, బాలి ద్వీపం, అమెజాన్ అడవి, అన్నీ వస్తాయి. వస్తాయి గానీ ఒకదాని లయ ఇంకొకదాని గొంతులో దూరి ఉంటుంది, గుర్తుపట్టలేరు.

"ఇందులో రాగమేదండీ?" అని కిందటిసారి ఒకాయన నిలదీశారు. ఇవాళ కూడా వచ్చినట్టున్నారు, సంతోషం. రాగం సంగతి తర్వాత. ముందు గంట సంగతి చూద్దాం.

జపాన్ గుడిగంటకి నాలుక ఉండదు. బయట వేలాడే దుంగతో కొడతారు. దెబ్బ తగిలాక చాలాసేపు ఊగుతూ మూలుగుతుంది. ఆ ఊగడాన్ని వాళ్లు 'ఉనరి' అంటారు. దాదాపు ఒకే శ్రుతిలో ఉన్న రెండు స్వరాలు ఒరుసుకుంటే పుట్టేది. జపాన్ స్వరకర్త మాయుజుమి తొషిరో గుడిగంటల ధ్వనిని విడదీసి చూసి, 1958లో 'నిర్వాణ సింఫనీ'లో ఆర్కెస్ట్రా చేత పలికించాడు. దాని గురించి కూడా చెబుదామనుకున్నాను గానీ...

క్యోటోలో చియోన్-ఇన్ అని గుడి ఉంది. 1636లో పోసిన గంట, బరువు 70 టన్నులు. డిసెంబర్ 31 రాత్రి 108 సార్లు కొడతారు. మన అష్టోత్తరం లెక్కే. పదిహేడు మంది భిక్షువులు. ఒకాయన "ఏయ్ హితోత్సు" అని కేక పెడతాడు, మిగతావాళ్లు "సోరె" అంటూ తాళ్లు లాగుతారు. ముందున్నాయన తాడు పట్టుకుని వెల్లకిలా, వీపు నేలకి తగిలేంతగా పడిపోతూ కొడతాడు. మా ఆవిడా నేనూ ఆ జనంలో ఉన్నాం. చేతిలో రికార్డర్, చలికి వేళ్లు కొయ్యబారిపోయాయి.

ఇక్కడొకటి చెప్పుకోవాలి. ముప్పయ్యేళ్లు రేడియోలో నా పని శబ్దాల తోకలు కత్తిరించడం. గుడిగంట కావాలంటే నాలుగు సెకన్లు, తర్వాత ఫేడ్. నిశ్శబ్దం వస్తే పైవాళ్లకి టెన్షన్. "రేడియో ఆగిపోయిందనుకుంటారయ్యా!" అనేవారు. పైవాళ్లనేల, నాకూ అదే అలవాటైపోయింది. చెయ్యి దానంతటదే మీట మీదకి పోయేది.

ఆ రాత్రీ అంతే. దెబ్బ పడింది, నాలుగంకెలు లెక్కపెట్టుకున్నాను, బటన్ నొక్కబోయాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "ఉండండి, ఇంకా మోగుతోంది." నేను విసుక్కున్నాను: "నీకేం తెలుసు, చెయ్యి తియ్యి."

రికార్డింగ్‌లో ఇద్దరి మాటలూ పడ్డాయి. గంటకంటే నా గొంతే గట్టిగా ఉంది. ఆమె పోయాక దాన్ని కొన్ని వందలసార్లు విన్నాను. ప్రతిసారీ అదే విసుగు. నా మాట కోసేసి చూశాను. కోస్తే దాని కింద మోగుతున్న గంట కూడా పోతోంది. రెండూ ఒకే చోట ఉన్నాయి మరి. అలాగే ఉంచేశాను.

సరే, టైమైపోయింది, నిర్వాహకులు చీటీ పంపారు. మాయుజుమి ఇంకోసారి. లైట్లు తగ్గించండి బాబూ. ఆ ఫ్యాన్లు కూడా కట్టేయండి. కాస్త ఉక్కపోస్తుంది, ఓర్చుకోండి. ఆ మూల ఫ్యాను ఇంకా తిరుగుతోంది చూడండి.