తోడు ఎక్కడి నుంచి వచ్చింది?

మిత్రులందరికీ నమస్కారం. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే కంపైలర్ల గురించి వినడానికి హనుమకొండలో ఇంతమంది వచ్చారంటే చాలా సంతోషంగా ఉంది.

ఇంట్లో పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నిన్నటి పెరుగు ఒక చెంచా తోడు వేస్తాం. నిన్నటిదానికి మొన్నటిది తోడు. జీసీసీ అనే కంపైలర్ కూడా అంతే. దాని సోర్సును, అంటే మనిషి రాసిన పాఠాన్ని, కంపైల్ చేయాలంటే ముందే ఒక కంపైలర్ బైనరీ, అంటే యంత్రం నేరుగా నడిపే ఫైలు, ఉండాలి. ఆ బైనరీని అంతకుముందు ఇంకో బైనరీ తయారుచేసింది.

మరి తోడే చెడిపోతే? యూనిక్స్ నిర్మాతల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ అవార్డు ప్రసంగం 1984లో అచ్చయింది. అందులో ఆయన చూపిన కంపైలర్, లాగిన్ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసేటప్పుడు దొంగదారి ఒకటి పెడుతుంది. కంపైలర్‌నే కంపైల్ చేసేటప్పుడు ఆ బుద్ధిని కొత్త కంపైలర్‌కూ ఎక్కిస్తుంది. ఆ తర్వాత సోర్సులోంచి ఆ లైన్లు తీసేసినా దొంగదారి పోదు. సోర్సు ఎన్నిసార్లు చదివినా కనపడదు.

జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మనకు సోర్సు ఇప్పిస్తుంది. అది చాలని నేను చాలాకాలం అనుకున్నాను. చాలదు. నేను చదివిన సోర్సు నుంచే ఈ బైనరీ పుట్టిందని నాకు నేనే తేల్చుకోగలగాలి. అప్పుడే ఆ స్వేచ్ఛ నా చేతిలో ఉన్నట్టు.

తోడు లేని రోజు మా అమ్మమ్మ పాలలో మిరపకాయ తొడిమలు వేసేది. మిర్చికి పేరుపడ్డ ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో తొడిమలకు కొదవేముంది! పొద్దుటికి పాలు పలచగా తోడుకునేవి. ఆ పలచటి పెరుగే మర్నాడు గట్టి పెరుగుకు తోడు.

సాఫ్ట్‌వేర్‌ను సోర్సు నుంచి కట్టే గ్నూ గీక్స్ ప్రాజెక్టు వాళ్లు 2023లో చేసి చూపించింది ఇదే. మొదట్లో వాళ్లు సుమారు 250 మెగాబైట్ల బైనరీలను నమ్మాల్సి వచ్చేది. ఆ ఏడాదికల్లా మొదటి విత్తనం హెక్స్0 అనే 357 బైట్ల ప్రోగ్రామ్. కంప్యూటర్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే 119 గుర్తులంత! అది చేయగలిగేది చాలా తక్కువ, హెక్స్ అంకెలను, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెలను, బైట్లుగా మార్చడం. దాంతో ఇంకొంచెం తెలివైనది, దాంతో యంత్ర ఆదేశాలను పొట్టి మాటల్లో రాస్తే బైట్లుగా మార్చే చిన్న అసెంబ్లర్, ఆపైన ఎం2-ప్లానెట్, గ్నూ మెస్, టైనీ సీసీ అనే మెట్టుమెట్టుకూ పెద్దవయ్యే కంపైలర్లు, పాత జీసీసీ, చివరికి కొత్త జీసీసీ. ఏళ్ల తరబడి పట్టు వదలని కొద్దిమంది ఓపిక ఇది.

పని పూర్తి కాలేదు. ఈ మెట్లన్నీ నడిపించే గైల్ ప్రోగ్రామ్, కింద ఉండి యంత్రాన్ని నడిపే కెర్నల్ అప్పటికి సిద్ధ బైనరీలే. ప్రాసెసర్ సంగతి వేరే చెప్పాలి.

హెక్స్0 సోర్సును కామెంట్లతో సహా ప్రింట్ తీసి వెనక బల్ల మీద పెట్టాను. తలా ఒకటి తీసుకోండి. చాయ్ తాగుతూ మొదటి బైట్ నుంచి కలిసి చదువుదాం.