పెట్టెలు సర్దిన ప్రతిసారీ పిల్లల కంచం చూడండి

అందరికీ నమస్కారం. సైనికుల, మాజీ సైనికుల కుటుంబాల సమావేశానికి డాక్టరును పిలిచారంటే బీపీ గురించో షుగర్ గురించో చెబుతారని అనుకుని ఉంటారు. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది మీ ఇళ్లలో ఎదుగుతున్న పిల్లల తిండి గురించి. గుంటూరులో పిల్లల మానసిక వైద్యం చేస్తున్న నా దగ్గరకు సైనికుల పిల్లలు తరచూ వస్తుంటారు. కడుపునొప్పి అనో నీరసం అనో పరీక్షలన్నీ చేయించి, ఏమీ తేలకపోయాక చివరకు నా దగ్గరకు తీసుకొస్తారు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. తండ్రి హవల్దార్. పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల పంజాబ్, అస్సాం, మధ్యప్రదేశ్‌లలో చదివింది. తండ్రికి కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని ఫీల్డ్ పోస్టింగ్ రావడంతో తల్లీ పిల్లలు గుంటూరు దగ్గర అమ్మమ్మగారింటికి చేరారు. కొత్త బడిలో మధ్యాహ్నం అందరూ జట్లుగా కూర్చుని డబ్బాలు విప్పుతారు. ఏ జట్టు పక్కన కూర్చోవాలో ఈమెకు తెలియలేదు. హిందీ కలిసిన ఆమె తెలుగును ఎవరో వెక్కిరించారు. ఆ రోజు నుంచి డబ్బా విప్పడం మానేసింది. సాయంత్రం దారిలో కుక్కలకు పెట్టేసి, కుళాయి దగ్గర డబ్బా కడిగి ఇంటికి తెచ్చేది. అదే ఆమెను పట్టించింది. పప్పన్నం, నెయ్యి పెట్టిన డబ్బాకు మూత అంచునైనా జిడ్డు లేకపోవడం ఏమిటని తల్లికి అనుమానం వచ్చింది. అప్పటికే నెలసరి ఆగిపోయి ఉంది, జుట్టు రాలుతోంది, మండే ఎండల్లోనూ చేతులు చల్లగా ఉంటున్నాయి.

కొన్ని వారాలకు నోరు విప్పి ఆమె అన్న మాట ఇది: “ఎక్కడికి వెళ్లాలో నాన్నవాళ్ల ఆఫీసు చెబుతుంది. ఏ బడో అమ్మ చెబుతుంది. తినాలో వద్దో ఒక్కటే నేను చెప్పగలిగేది.”

తిండి తీరు ఇలా దెబ్బతినే మానసిక జబ్బును ఈటింగ్ డిజార్డర్ అంటారు. బదిలీ ఒక్కటే ఈ జబ్బు తెస్తుందని నేను అనను. ఊళ్లు మారుతూ నాలుగు భాషలు నేర్చి, ఎక్కడైనా ఇట్టే కలిసిపోయే పిల్లలు మీ ఇళ్లలోనే ఉన్నారు. పుట్టుకతో వచ్చే స్వభావం, ఇంట్లో మాటలు, ఫోనులో చూసే సన్నని దేహాలు, ఇవన్నీ కలుస్తాయి. కానీ రెండు మూడేళ్లకోసారి స్నేహాలు తెగిపోయే పిల్లలకు ఆసరా తక్కువ. బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు చెడకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. ఏ ఊరు వెళ్లినా పాఠ్యపుస్తకం అదే ఉంటుంది. పక్కన కూర్చునే స్నేహితురాలిని మాత్రం ఏ పథకమూ వెంట పంపలేదు.

అందరు పిల్లలూ చిక్కిపోరు. కొందరు రాత్రి అందరూ పడుకున్నాక బిస్కెట్ ప్యాకెట్లు ఒకదాని వెంట ఒకటి ఖాళీ చేస్తారు. ఆపాలనుకున్నా ఆగలేరు, తర్వాత సిగ్గుతో కుంగిపోతారు. అమెరికాలో బెథెస్డాలోని సైనిక వైద్య విశ్వవిద్యాలయం వారు అక్కడి సైనికుల పిల్లల్లో ఇలా అదుపు తప్పి తినడంపైనే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఇంకొందరు తిన్నది వాంతి చేసుకుంటారు. వారిలో చాలామంది బరువు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులతో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. భోజనం కాగానే బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పే పిల్లలను గమనించండి.

మీ ఇళ్లకే ప్రత్యేకమైన మాట మరొకటి ఉంది. సైన్యంలో ఏటా జరిగే వైద్య పరీక్ష, అదే మెడికల్, వస్తుందంటే ఇంట్లో బరువు లెక్కలు మొదలవుతాయి. బరువు పెరిగితే ఆరోగ్య కేటగిరీ తగ్గుతుందని, ప్రమోషన్ ఆగుతుందని నాన్న రాత్రి చపాతీ మానేస్తారు. అది ఆయన ఉద్యోగం, తప్పు లేదు. కానీ లావు కావడమంటే ఓడిపోవడమేనని పక్కనున్న పిల్లవాడు నేర్చుకుంటాడు. సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)కి సిద్ధమయ్యే అబ్బాయిల్లో నేను ఇది చూస్తున్నాను. 2022 నుంచి అమ్మాయిలకూ అందులో ప్రవేశం ఉంది కాబట్టి వారిలోనూ గమనించాలి.

దయచేసి ఈ పిల్లలను మొండివాళ్లని తిట్టకండి. 1945లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి సగానికి తగ్గించి చూశారు. వాళ్లు చిరాకు పడ్డారు, దిగులు పడ్డారు, నలుగురిలో కలవడం మానేశారు. ముద్దను చిన్న చిన్న ముక్కలు చేసి గంటల తరబడి తిన్నారు. రాత్రింబవళ్లు తిండి ధ్యాసే. ఎంచి తెచ్చుకున్న దృఢమైన మనుషులే ఆకలికి అలా మారిపోయారు. మీ పిల్లలో మొండితనంగా కనిపించేదాంట్లో చాలా భాగం ఆకలి చేయిస్తున్నదే.

అమ్మమ్మలు, నానమ్మలు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. పిల్ల చిక్కి శల్యమై వచ్చిందని మొదటి రోజే నెయ్యన్నం, అరిసెలు, మాంసం కొసరి కొసరి పెట్టకండి. బాగా మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలికి మాడి బయటపడిన ఖైదీల్లో వైద్యులు దీన్ని గమనించారు. ముందు రక్తపరీక్ష చేయించాలి. ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచాలి.

చికిత్సలో తల్లిదండ్రులే ముఖ్యం. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980ల నాటికి రూపుదిద్దుకున్న పద్ధతిలో ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం కొన్నాళ్లు పెద్దల చేతిలోకి వస్తుంది. కోప్పడకుండా, బతిమాలకుండా, కంచం ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చోవాలి. దానికి బదులుగా మిగతా విషయాల్లో పిల్లల మాటకు విలువ ఇవ్వండి. బదిలీ కబురు రాగానే వాళ్లకే ముందు చెప్పండి. ట్రంకులో ఏం సర్దాలో, ఏది వదలాలో వాళ్లను తేల్చనివ్వండి. పదో తరగతి మధ్యలో బడి మార్చాలా, ఏడాది ఆగాలా అని అడగండి.

ఇంటర్మీడియట్ రాగానే గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో చేర్చే తల్లిదండ్రులు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ వందల మంది మధ్య ఎవరి కంచం ఎవరూ చూడరు. నెలకోసారి వెళ్లినప్పుడు మార్కుల పట్టికతో పాటు పిల్లల మణికట్టు, చెంపలు, వదులైన బట్టలు చూడండి.

సరిహద్దు నుంచి ఫోను చేసే నాన్నలకు ఒక్క మాట. “తిన్నావా?” అంటే “ఆ” అనే జవాబు వస్తుంది, అది నిజమో కాదో మీకు తెలియదు. “మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావమ్మా?” అని అడగండి. మౌనం ఎదురైతే ఇంట్లోవాళ్లకు చెప్పండి.

కళ్లు తిరిగి పడిపోయినా, నెలసరి ఆగినా, నాడి బాగా నెమ్మదించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరిని కలవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అందరి ముందు అడగలేని ప్రశ్నలు ఉంటే సభ ముగిశాక నేను ఇక్కడే కూర్చుంటాను, వచ్చి అడగండి.