జీరో కాపీ అంటే ఫాస్ట్ అని ఎవరు చెప్పారు? వీఎం నెట్‌వర్క్ ప్యాచ్ చదివే పద్ధతి

నమస్తే. వరంగల్, కరీంనగర్ కాలేజీల పిల్లలు లినక్స్ కెర్నల్ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) చదువుతున్నారు, చాలా సంతోషం. కానీ ఒక ప్రశ్న మాత్రం తిప్పి తిప్పి అదే వస్తోంది. "అన్నా, ఈ ప్యాచ్ జీరో కాపీ కదా, అంటే ఫాస్టే కదా, మరి రివ్యూలో ఎందుకు ఆపుతున్నారు?" ఆ "ఫాస్టే కదా" దగ్గరే నాకు చిరాకు. జీరో కాపీ అంటే డేటాని ఇంకో చోటికి కాపీ చేయకుండా ఉన్న చోటి నుంచే పంపడం, అంతే. ఇవాళ దాని సంగతి తేల్చేద్దాం.

కేవీఎం అంటే ఒక మెషిన్ (హోస్ట్) లోపల ఇంకో మెషిన్‌ని (గెస్ట్, అదే వీఎం) నడిపే లినక్స్ ఏర్పాటు, అంతకన్నా లోతుకి వెళ్లను. గెస్ట్‌లోంచి ఒక ప్యాకెట్ బయటికి పోవాలి. గెస్ట్‌కీ హోస్ట్‌కీ ఇద్దరికీ కనిపించే మెమరీలో వర్ట్‌ఐవో రింగ్ అనే గుండ్రంగా తిరిగే క్యూ ఉంటుంది. గెస్ట్ అందులో 16 బైట్ల డిస్క్రిప్టర్ రాస్తుంది: డేటా ఏ అడ్రస్‌లో ఉంది, పొడవెంత, ఫ్లాగ్స్ ఏమిటి, తర్వాతి డిస్క్రిప్టర్ ఏది. రాసి హోస్ట్‌కి ఒక కిక్ (పని ఉంది రా అనే పిలుపు) ఇస్తుంది. హోస్ట్ కెర్నల్‌లో గెస్ట్ ప్యాకెట్లని చూసుకునే వీహోస్ట్ థ్రెడ్ లేచి, ఆ డేటాని కాపీ చేసుకుని ట్యాప్ డివైస్ అనే సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ కార్డులోకి తోస్తుంది.

(స్క్రీన్: ఏనుమాముల మార్కెట్, మిర్చి సీజన్)

ఇప్పుడు ఏనుమాములకి రండి. నర్సంపేట రైతు ట్రాలీలో మిర్చి బస్తాలు తెచ్చాడు. హమాలీ బస్తా దించి అడ్తి షెడ్డులో వేశాడు. అది కాపీ. షెడ్డు అవతల కూర్చున్న హమాలీని రైతు ఫోన్ చేసి రప్పించాడు. అది కిక్. ఇప్పుడు బస్తాకోసారి ఫోన్ చేసి, బస్తాకోసారి హమాలీని నడిపించారనుకోండి. పొద్దు గూకినా ట్రాలీ ఖాళీ కాదు. అందులో బస్తా మోసిన టైమెంత, వచ్చిపోయిన టైమెంత?

కిక్ అంటే గెస్ట్ ఆగిపోవాలి, ప్రాసెసర్ స్థితి మొత్తం దాచుకోవాలి, హైపర్‌వైజర్ (గెస్ట్‌ని నడిపించే కోడ్) లోకి వెళ్లి తిరిగి రావాలి. ఒక్కో కిక్కుకి వెయ్యి సైకిళ్ల పైమాటే. 10 గిగాబిట్ లైన్ మీద 64 బైట్ల ప్యాకెట్లు నిండుగా పోతే సెకనుకి కోటీ 48 లక్షల పైచిలుకు. ఒక్కో ప్యాకెట్‌కి దొరికేది దాదాపు 67 నానోసెకన్లు. అంత ఇరుకులో ప్యాకెట్‌కో కిక్ పెడితే కాపీ గురించి మాట్లాడటమే దండగ. డేటా క్యాష్‌లో ఉంటే 64 బైట్ల కాపీ ఏ మూలకి?

మరి జీరో కాపీ ఏం చేస్తుంది? బస్తాలు దించకుండా ట్రాలీనే మిల్లుకి పంపిస్తుంది. వినడానికి బాగుంది. కానీ మిల్లు దగ్గర లైన్ ఉంటే ట్రాలీ అక్కడే ఇరుక్కుంటుంది, రైతు ఇక్కడ కూర్చోవాలి. ప్యాకెట్ ఉన్న గెస్ట్ మెమరీ ముక్క, అంటే పేజీ, సరిగ్గా ఇలాగే లాక్ అవుతుంది. ఎక్కడో ఒక క్యూలో ఒక ప్యాకెట్ నిలిచిపోతే రింగ్‌లో స్లాట్లు వెనక్కి రావు, వెనకున్న ప్యాకెట్లు కూడా ఆగుతాయి. జెన్ అనే ఇంకో హైపర్‌వైజర్‌లో మొదట్లో ఇంకో అడుగు ముందుకేసి, ప్యాకెట్ ఉన్న పేజీనే హోస్ట్ నుంచి గెస్ట్‌కి మార్చేసేవాళ్లు. పేజీ టేబుల్ మార్చాలి, టీఎల్‌బీ (అడ్రస్ లెక్కలు దాచుకునే చిన్న క్యాష్) ఖాళీ చేయాలి. ఆ ఖర్చు కాపీని మించిపోయింది. చివరికి కాపీకే వచ్చారు.

వీహోస్ట్ నెట్ కథ కూడా చూడండి. 2010లో 2.6.34 కెర్నల్‌లో వచ్చింది. దానికి తర్వాత చేర్చిన జీరో కాపీ కోడ్‌లోనే, 256 బైట్ల కన్నా చిన్న ప్యాకెట్ అయితే కాపీ చేసేయమని రాసి ఉంది. 2019లో ఆ జీరో కాపీని డిఫాల్ట్‌గా ఆపేశారు. ఇందాక చెప్పిన ట్రాలీ ఇరుక్కునే సమస్య ఒకటి, ఈలోగా కాపీ దారిలో 64 దాకా ప్యాకెట్లు కూడగట్టి ఒక్కసారి తోసే పద్ధతి రావడం ఇంకొకటి. చిన్న ప్యాకెట్లలో కాపీయే గెలిచింది. హమాలీని ఒకసారి పిలిచి ట్రాలీ మొత్తం దింపించుకోవడమే కదా ఇది! నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా నచ్చిన ముక్క ఇదే.

కాబట్టి ప్యాచ్ తెరవగానే కాపీలు లెక్కపెట్టకండి. ముందు కిక్కులు, ఇంటరప్టులు ఎన్ని తగ్గాయో చూడండి. ఆ తర్వాత వేగం సంగతి పక్కన పెట్టి నమ్మకం సంగతి, అంటే గెస్ట్ ఇచ్చినదాన్ని హోస్ట్ గుడ్డిగా నమ్ముతోందా అన్నది చూడండి. నా లెక్కలో రివ్యూ అంటే సగం ఇదే.

మళ్లీ ఏనుమాములకే రండి. దడ్వాయి (తూకం వేసే మనిషి) కాంటా వేసి తక్‌పట్టీ (లెక్క చీటీ) మీద తూకం రాశాడు. ఆ తక్‌పట్టీ బల్ల మీద అందరి చేతికీ అందేలా ఉంది. మీరు ఒకసారి చూసి సరే అన్నారు, డబ్బు ఇచ్చేటప్పుడు మళ్లీ చూశారు. మధ్యలో ఎవరో అంకె దిద్దితే? రింగ్ కూడా అలాంటి బల్లే, గెస్ట్ చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. హోస్ట్ పొడవుని ఒకసారి చదివి చెక్ చేసి, వాడేటప్పుడు రింగ్‌లోంచే మళ్లీ చదివిందంటే ప్యాచ్ అక్కడే ఆపండి. లోకల్ వేరియబుల్‌లోకి ఒక్కసారి తీసుకోవాలి, అదీ రీడ్ వన్స్ అనే కెర్నల్ మాక్రోతో. ఎందుకంటే మీరు ఒకసారే రాసినా కంపైలర్ రెండుసార్లు చదివే కోడ్ తయారు చేయొచ్చు. 2015 డిసెంబర్‌లో వచ్చిన జెన్ భద్రతా ప్రకటన 155 ఈ గొడవ మీదే. 2019లో వీహోస్ట్‌లో బయటపడ్డ సీవీఈ-2019-14835 (సీవీఈ అంటే భద్రతా లోపానికి ఇచ్చే నంబర్) మరీ ఘోరం. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్ట్‌ని ఇంకో హోస్ట్‌కి తరలించడం) సమయంలో గెస్ట్ తప్పుడు డిస్క్రిప్టర్లు ఇచ్చి హోస్ట్ కెర్నల్ బఫర్‌ని దాటి రాయించగలిగేది.

టైమ్ అయిపోతోంది, మిగతావి చకచకా.

బ్యారియర్లు, అంటే మెమరీలో చదవడం, రాయడం వరస తప్పకుండా చూసే ఆదేశాలు. గెస్ట్ ముందు డిస్క్రిప్టర్ నింపి, తర్వాతే ఇండెక్స్ పెంచాలి. హోస్ట్ ముందు ఇండెక్స్ చదివి, తర్వాతే డిస్క్రిప్టర్ చదవాలి. ఇంటెల్ మీద నడిచిపోయింది కదా అని వదలొద్దు, ఆర్మ్ మీద పట్టుబడుతుంది. ఇక కిక్కులు తగ్గించే ఈవెంట్ ఇండెక్స్ దగ్గర పూర్తి బ్యారియర్ లేకపోతే ఇంటెల్ మీద కూడా కిక్ మిస్సవుతుంది, క్యూ నిలిచిపోతుంది.

లూప్ పరిమితి. గెస్ట్ ఆపకుండా ప్యాకెట్లు పోస్తుంటే వీహోస్ట్ థ్రెడ్ అందులోనే మునిగిపోకూడదు. సీవీఈ-2019-3900 ఇదే. ఇప్పుడు 256 ప్యాకెట్లు లేదా 512 కిలోబైట్లు దాటితే వదిలి బయటికి రావాలి. కొత్త ప్యాచ్ ఆ చెక్కుని దాటేసి పోతోందా చూడండి.

నంబర్లు. పెద్ద ప్యాకెట్ల టీసీపీ స్ట్రీమ్ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి. నెట్‌పెర్ఫ్ అనే కొలత టూల్‌లో టీసీపీ ఆర్ఆర్ (ఒక ప్రశ్న, ఒక జవాబు టెస్ట్), 64 బైట్ల ప్యాకెట్లు, హోస్ట్ సీపీయూ వాడకం, మూడూ అడగండి. నడిపి చూస్తే ప్యాచ్‌కి మీ పేరుతో టెస్టెడ్-బై లైన్ ఇవ్వండి. పైన చెప్పినవన్నీ లైన్ లైన్ చదివాకే రివ్యూడ్-బై ఇవ్వండి.