పనసకాయ, సైకిలు, తాడు కొస

శ్రోతలకు నమస్కారం. ఎండాకాలం వచ్చిందంటే మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనసకాయలు సైకిలెక్కుతాయి. కవిటి, సోంపేట దారుల్లో మీరూ చూసే ఉంటారు. 2018లో తిత్లీ తుపాను ఎన్ని చెట్లను కూల్చినా, ఆ కాయల కోసం వెళ్లేవాళ్లం వెళుతూనే ఉన్నాం.

ఒకసారి నేనూ ఓ కాయ కొన్నాను. పది కిలోలు ఉంటుంది. క్యారియర్ మీద పెట్టి, నైలాన్ తాడు నాలుగు చుట్లు చుట్టి, ముడి మీద ముడి వేశాను. ఫర్లాంగు దాటలేదు, వెనక చక్రం బిగుసుకుపోయింది. కాయ పడలేదు, నేను పడ్డాను! ముడి వేయగా మిగిలిన మూరెడు తాడు వేలాడుతూ చువ్వల్లోకి దూరి, ఇరుసుకు చుట్టుకుంది.

వెనకాలే వస్తున్న కాయల బేరగాడు ఆగి, చాకుతో ఆ తాడు కోశాడు. "గుండ్రటి కాయకు కుదురు లేకుండా ఎలా బాబూ?" అన్నాడు. తన గోనెపట్టాను మెలిపెట్టి, కుండ కింద పెట్టే చుట్టకుదురులా చేసి క్యారియర్ మీద పరిచాడు. కాయను పొడవునా, తొడిమ సీటు వైపుకు వచ్చేలా కూర్చోబెట్టాడు. తొడిమకు తాడు వేసి సీటు కింది గొట్టానికి బిగించాడు. ఆపైన పాత ట్యూబు పట్టీని ఈ కమ్మీ నుంచి ఆ కమ్మీకి ఇంటూ గుర్తులా లాగి, కొసను చుట్టు కిందకే దోపాడు. పనస ముళ్లు రబ్బరును ఎంత గట్టిగా పట్టుకున్నాయో!

గతుకుల్లో సరుకు సర్దుకుంటే తాడు వదులవుతుంది. రబ్బరైతే తానే ముడుచుకుని పట్టు నిలుపుతుంది. పగుళ్లున్న ట్యూబు మాత్రం వద్దు. కొక్కేల రబ్బరు తాళ్లంటే నాకు భయం. చెయ్యి జారిందా, కొక్కెం కంటికే వస్తుంది.

ఇంతకీ నేను చెప్పదలచినది తాడు కొస గురించి. సరుకు కట్టాక స్టాండు మీదే ఉంచి పెడలు తిప్పండి, వెనక చక్రం వైపు చూడండి. తాడు కొస, గోనె కొస, సంచి పిడి, ఏదీ చువ్వలకు అందకూడదు. చూశారా, మళ్లీ చెబుతున్నాను: కొస!

బేరగాడు నా తాడు ముక్కను చుట్టి చేతిలో పెట్టి, "కొంత దూరం పోయాక దిగి చూసుకోండి" అన్నాడు. సోంపేట పొలిమేరలో దిగాను. ట్యూబును ఇంకో చుట్టు తిప్పి బిగించాను.