సీసాలో బుడగలు

శ్రోతలందరికీ నమస్కారం. వరంగల్‌లో ఊపిరితిత్తుల ఆపరేషన్లు జరిగే వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. ఆపరేషన్ అయిన మనిషి మంచం పక్కన, నేల మీద పెట్టి ఉండే ఒక సీసా గురించి ఈ రోజు మాట్లాడతాను. దాన్ని రాత్రంతా కనిపెట్టుకుని కూర్చునేది ఇంటివాళ్ళే. కానీ దాని గురించి వాళ్ళకు సరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ.

ములుగు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గింది గానీ, ఊపిరితిత్తి పైభాగంలో గుంత మిగిలిపోయింది. అందులో బూజు ఉండకట్టి, దగ్గితే రక్తం పడేది. ఆ భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేశారు. పక్కటెముకల మధ్య నుంచి ఒక పైపు వేసి, దాని రెండో కొసను నీళ్ళున్న సీసాకు కలిపారు. ఆ రాత్రి సీసాలో బుడబుడమని బుడగలు వస్తూనే ఉన్నాయి. కొడుకు చూసి చూసి భయపడ్డాడు.

నేను రౌండ్‌కు వెళ్ళేసరికి పైపును మడిచి పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. "సిస్టరమ్మా, గాలంతా బయటికే పోతున్నది. బాపుకు ఊపిరి అందదేమోనని పట్టుకున్న" అన్నాడు. పెద్దాయన అప్పటికే ఆయాసపడుతున్నాడు. మెడ దగ్గర చర్మం ఉబ్బింది, వేలితో నొక్కితే చిటపటలాడింది. మడత విప్పగానే సీసాలో గాలి ఒక్కసారిగా పొంగింది. కాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది. ఆ అబ్బాయిది తప్పని నేను ఎన్నడూ అనలేదు. పైపు ఎందుకు వేశారో ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది మేమే.

మన ఊపిరితిత్తి రబ్బరు బుడగ లాంటిది, వదిలేస్తే ముడుచుకుపోతుంది. అది ఛాతీ గోడకు అంటుకుని విచ్చుకుని ఉండటానికి కారణం, ఆ రెండింటి మధ్య పలుచని తడి తప్ప గాలి లేకపోవడం. ఆపరేషన్‌లో ఛాతీ తెరవగానే ఆ సందులోకి గాలి చేరుతుంది. కోసిన చోట, అంటుకుపోయిన పొరను ఒలిచిన చోట సన్నని చిల్లులు మిగులుతాయి. పాత టీబీ ఉన్నవాళ్ళలో, ఏళ్ళ తరబడి బీడీ తాగినవాళ్ళలో ఈ చిల్లులు ఎక్కువ, మానడం ఆలస్యం. వాటి నుంచి కారే గాలికి దారి లేకపోతే అది లోపలే పోగై ఊపిరితిత్తిని నొక్కేస్తుంది, గుండెను కూడా పక్కకు నెడుతుంది. అందుకే బుడగలు వస్తున్న పైపును మడవకూడదు, క్లాంప్ పెట్టకూడదు. స్కానింగ్‌కు తీసుకెళ్ళేటప్పుడు కూడా.

పంక్చర్ షాపులో సైకిల్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచడం అందరం చూసినదే. సీసాలో పైపు కొస కూడా సుమారు 2 సెంటీమీటర్లు నీళ్ళలో మునిగి ఉంటుంది. దగ్గినా, ఊపిరి వదిలినా గాలి నీళ్ళను తోసుకుని బుడగలై బయటికి వస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు గాలి వెనక్కి పోలేదు, పైపులో నీరు కొద్దిగా పైకి లేస్తుంది, అంతే. ఇంత తేలికైన ఉపాయాన్ని జర్మనీ వైద్యుడు గొట్‌హార్డ్ బ్యూలౌ, ఛాతీలో చీము చేరిన రోగుల కోసం వాడి, 1891లో వివరంగా ప్రచురించాడు. ఇప్పుడు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల గాలి కారుతుందో అంకెల్లో చూపే యంత్రాలు వచ్చాయి. అయినా మన దగ్గర ఎక్కువ మంచాల కింద కనిపించేది నీళ్ళ సీసానే.

సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి. స్ట్రెచర్ మీద తీసుకెళ్తూ రోగి కాళ్ళ మధ్య పెట్టడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఆపాను. పైకెత్తితే అందులోని నీరు ఛాతీలోకి వెనక్కి పోతుంది. పక్కకు ఒరిగితే పైపు కొస నీళ్ళలోంచి తేలిపోతుంది. పైపు సీసా నుంచి ఊడితే వెంటనే కేకేయండి. ఈలోగా ఆ కొసను శుభ్రమైన నీళ్ళ గ్లాసులో ముంచి పట్టుకోండి. ఛాతీలోంచే ఊడివస్తే శుభ్రమైన గుడ్డతో ఆ రంధ్రాన్ని అదిమి, సిస్టర్‌ను పిలవండి.

పైపులోని నీరు ఊపిరితో పాటు ఊగుతుంటే దారి తెరిచే ఉందని అర్థం. ఊగడం ఆగితే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉండొచ్చు, లేదా గడ్డకట్టిన రక్తంతో పైపు మూసుకుపోయి ఉండొచ్చు. ఏదన్నది డాక్టరే తేల్చాలి. సీసాలోకి ఉన్నట్టుండి చిక్కటి రక్తం ఎక్కువగా వస్తే తెల్లారేదాకా ఆగకండి.

చాలామందిలో చిల్లులు కొద్దిరోజుల్లోనే మూసుకుంటాయి. 5 రోజులు దాటితే దీర్ఘకాల లీక్ అంటారు. అప్పటికీ ఎక్కువమందికి ఓపికే మందు. ఊపిరితిత్తి విచ్చుకుని ఛాతీ గోడను తాకితే చిల్లు దానంతట అదే అతుక్కుంటుంది. అందుకే బంతులు పైకి లేచేలా గాలి పీల్చే మూడు బంతుల స్పైరోమీటర్ పీల్చమని, దిండు ఆపరేషన్ అయిన పక్కకు ఆనించుకుని గట్టిగా దగ్గమని, సీసా పట్టుకుని వరండాలో నడవమని మేము వెంటబడేది. నొప్పి ఉంటే ఓర్చుకోకుండా చెప్పండి. నొప్పితో ఎవరూ లోతుగా ఊపిరి తీయలేరు. అయినా ఆగకపోతే రోగి చేతి నరం నుంచి తీసిన రక్తాన్నే పైపు ద్వారా లోపలికి పంపుతారు, అది గడ్డకట్టి చిల్లును మూయడానికి సాయపడుతుంది. కొందరిని గాలిని బయటికి మాత్రమే వదిలే చిన్న వాల్వ్ తగిలించి, పైపుతోనే ఇంటికి పంపుతారు. మళ్ళీ ఆపరేషన్ దాకా వెళ్ళేది కొద్దిమందే.

మన పెద్దాయనకు తొమ్మిదో రోజున బుడగలు ఆగాయి. మరునాడు ఎక్స్‌రే చూసి పైపు తీశారు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాడు, ఒక్క క్షణంలో పని అయిపోయింది. కొడుకు ఖాళీ అయిన పైపును చాలాసేపు చూసి, "ఇగ దీన్ని కావలి కాసుడు అయిపోయింది బాపు" అన్నాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతున్నాను: ఇంటికి వెళ్ళాక అకస్మాత్తుగా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి పెరిగినా, మెడ చర్మం ఉబ్బినా 108కి ఫోన్ చేయండి. డాక్టర్ సరేననేదాకా విమానం ఎక్కకండి. బీడీ మాత్రం మళ్ళీ ముట్టుకోవద్దు. నమస్కారం.