నొప్పి ఉన్న రోజుల లెక్క

వేదిక మీది ఆచార్యులకు, ఎదురుగా కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

ఎం.ఇడి. రెండో సంవత్సరంలో ఉండగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందని తేలింది. కీళ్లవాతం అనగానే మన ఇళ్లలో ముసలితనపు నొప్పి అనుకుంటారు. కానీ ఇది రోగనిరోధక వ్యవస్థే కీళ్ల పొరలపై దాడి చేసే వ్యాధి. పాతికేళ్ల వయసులోనూ రావచ్చు, పురుషులకంటే స్త్రీలకు ఎక్కువగా వస్తుంది. నిద్రలేచాక గంటకు పైగా నా వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ గంటలో జడ వేసుకోలేను, సుద్దముక్క పట్టుకోలేను. మధ్యాహ్నానికి అదే చేత్తో నాలుగు పేజీలు రాయగలను. ఉదయం చూసినవారు జాలిపడితే, మధ్యాహ్నం చూసినవారు నటిస్తున్నానని అనుకున్నారు. ఆ అనుమానాన్ని మోయడం నొప్పిని మోయడంకంటే నాకు కష్టమైంది.

విద్యాశాస్త్ర అధ్యాపకుల పని కుర్చీలో కూర్చుని చేసేదని బయటివారు భావిస్తారు. కానీ బి.ఇడి.లో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఆ వారాల్లో మనం బడి నుంచి బడికి తిరిగి, వెనుక బెంచీపై కూర్చుని ఛాత్రోపాధ్యాయుల, అంటే ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థుల, పాఠాలు పరిశీలించి, పాఠ్యపథకాలు దిద్దాలి. నేను ఈ వ్యాధికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వేసుకుంటాను. మర్నాడంతా వికారం, నీరసం. ఆ మాత్రను శనివారం రాత్రికి మార్చవచ్చా అని డాక్టరు గారిని అడగాలని రెండేళ్ల వరకు నాకు తట్టనే లేదు. ఆ రెండేళ్లూ ప్రతి వారం మధ్యలో ఒక పనిరోజు పోయింది. దానికి ఇప్పటికీ బాధపడతాను.

పిహెచ్.డి.కి మొదట రెండు జిల్లాల్లో పన్నెండు బడులు ఎంచుకున్నాను. మూడో బడికి వెళ్లేసరికే మోకాళ్లు వాచాయి. మా గైడ్ గారు ఒక్క మాట అన్నారు: "అమ్మా, మూడు బడులే తీసుకో, వాటిలోనే రెండేళ్లు ఉండు." అదే బడికి మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల, సర్వే ప్రశ్నావళికి అందని విషయాలు టీచర్లు తమంతట తాము చెప్పారు. వ్యాధి మేలు చేసిందని నేను అనను. శరీరం మోయగలిగిన పద్ధతిని ఎంచుకోవడం పరిశోధన స్థాయిని తగ్గించుకోవడం కాదని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇక నిబంధనలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ అనే రక్తవ్యాధులు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధి ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతం నుంచి సికిల్ సెల్‌తో చదువుకు వచ్చే విద్యార్థికి ఇది పెద్ద ఆసరా. అయితే లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే మరో వ్యాధి), టైప్ 1 మధుమేహం, మూత్రపిండాల వైఫల్యం ఆ జాబితాలో పేరుపేరునా లేవు. యుజిసి (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి గరిష్ఠ గడువు 6 ఏళ్లు, పునర్నమోదుతో మరో 2 ఏళ్లు; స్త్రీలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఇవ్వవచ్చు. నా వైకల్య ధ్రువపత్రంలో శాతం 40 దాటలేదు. కీలు ఎంత వంగుతోంది, కండరానికి ఎంత బలముంది అని కొలిచారు. అలసటను కొలిచే గడి ఆ కాగితంలో లేదు. కనుక నాకు అదనపు గడువు వచ్చింది స్త్రీని కాబట్టి, రోగిని కాబట్టి కాదు. మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడిపే యువకుడికి ఆ తలుపు కూడా తెరుచుకోకపోవచ్చు. ఇది సరిదిద్దవలసిన అన్యాయం.

విద్యార్థులారా, మీ పరిస్థితిని చేరిన మొదటి సెమిస్టరులోనే గైడ్‌కు, విభాగాధిపతికి రాతపూర్వకంగా తెలియజేయండి. నేను నోటిమాటగానే చెప్పి ఊరుకున్నాను; విభాగాధిపతి మారగానే ఆ మాట చెల్లలేదు.

ఆచార్యులకు నా మనవి చిన్నది. పరిశోధకులు ప్రతి సెమిస్టరులో తమ పని పురోగతిని చూసే పరిశోధన సలహా సంఘం ముందు హాజరు కావాలి కదా. ఆ తేదీని రెండు వారాలు జరపడానికో, ఆన్‌లైన్‌లో వినడానికో విభాగ స్థాయిలోనే ఒక తీర్మానం చేసి పెట్టండి, ప్రతి విద్యార్థీ ఒంటరిగా వచ్చి బతిమాలుకోవలసిన అవసరం లేకుండా. గడువు పొడిగింపు కోరుతూ నేను రాసిన దరఖాస్తు ప్రతులు బయట బల్లపై ఉంచాను. పేర్లు మార్చుకొని వాడుకోండి.